కాలువల చరిత్ర - నిజానిజాలు

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అని మన పెద్దలు చెబుతారు. నీరు తనంత తానుగా పల్లానికి పోతుంది. నిజం మాత్రం అంత సులభంగా బయటపడదు అని ఈ సామెత భావం. అయితే మానవుడు నీటిని దాని ఇష్టానికి వదిలిపెట్టలేదు. ఆనకట్ట కట్టి, కాలువ తవ్వి, తూము పెట్టి తనకు కావలసిన చోటికి నడిపించుకొన్నాడు. నిజాన్ని తెలుసుకోవడానికి కూడా అటువంటి పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఈ పాఠంలో కొన్ని కాలువల చరిత్రను గురించి, ఆ చరిత్రను చెప్పే మాటలలో నమ్మదగినవి ఏవో తేల్చుకొనే విధానాన్ని గురించి తెలుసుకొందాం.

కాలువల వల్ల ముఖ్యంగా రెండు ప్రయోజనాలున్నాయి. ఒకటి పొలాలకు నీరందించడం. రెండవది పడవల మీద సరుకులు చేరవేయడం. రైళ్ళు, లారీలు లేని కాలంలో బరువైన సరుకును దూర ప్రాంతాలకు పంపాలంటే నీటిదారిని మించిన దారి లేదు. ఎద్దులబండి మోయగలిగిన దానికి ఎన్నో రెట్ల బరువును ఒక పడవ సులభంగా మోయగలదు. కాని నేల ఎప్పుడూ చదునుగా ఉండదు కదా! ఎత్తు నుంచి పల్లానికి, పల్లం నుంచి ఎత్తుకు పడవ ఎలా పోతుంది? ఇందుకోసం ఏర్పాటు చేసినవే లాకులు. లాకు అంటే రెండు వైపులా తలుపులున్న నీటి గది. పడవ కింది నుంచి ఆ గదిలోకి వస్తుంది. వెనుక తలుపు మూస్తారు. పై కాలువ నుంచి నీటిని మెల్లగా గదిలోకి వదులుతారు. నీటితోపాటు పడవ కూడా పైకి లేస్తుంది. గదిలోని నీరు పై కాలువ నీటితో సమానమైనప్పుడు ముందు తలుపు తెరుస్తారు. పడవ ముందుకు సాగిపోతుంది. పై నుంచి కిందికి దిగవలసిన పడవకు ఇదే పనిని తిరగేసి చేస్తారు.

అమెరికా దేశంలో తొలికాలంలో తవ్విన కాలువలలో పేరుపొందినది ఈరీ కాలువ. ఇది న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న ఆల్బనీ నగరాన్ని ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న బఫెలో నగరంతో కలిపింది. 1817 జూలై 4వ తేదీన పని మొదలైంది. 1825 అక్టోబరులో పూర్తి అయింది. దీని పొడవు సుమారు 584 కిలోమీటర్లు. వెడల్పు 40 అడుగులు, లోతు 4 అడుగులు మాత్రమే. దారిపొడవునా 83 లాకులు నిర్మించారు. గట్టు మీద నడిచే గుర్రాలు, కంచరగాడిదలు తాళ్ళతో పడవలను లాగేవి. ఆ కాలంలో అమెరికాలో శిక్షణ పొందిన ఇంజనీర్లు చాలా తక్కువ. ఈ పనికి పెద్దలుగా నిలిచిన బెంజమిన్ రైట్, జేమ్స్ గెడ్డిస్ ఇద్దరూ భూములు కొలిచే సర్వేలో అనుభవం ఉన్నవారే గాని కాలువలు కట్టినవారు కారు. వారి వద్ద పనిచేసిన కాన్వస్ వైట్ అనే యువకుడు బ్రిటన్ వెళ్ళి అక్కడి కాలువలను స్వయంగా చూసి వచ్చాడు. తిరిగివచ్చిన తరువాత, నీటిలో కూడా గట్టిపడే సున్నాన్నిచ్చే రాయి న్యూయార్క్ రాష్ట్రంలోనే దొరుకుతుందని నిరూపించాడు. ఈ విధంగా పని చేస్తూ పని నేర్చుకొని వారు ఆ కాలువను ముగించారు. కాలువ తెరచిన తరువాత బఫెలో, న్యూయార్క్ నగరాల మధ్య సరుకు రవాణా ఖర్చు సుమారు పదోవంతుకు పడిపోయింది.

ఈ కాలువ పనిలో ఒక విషాద ఘట్టం ఉంది. 1819లో మాంటెజుమా అనే చిత్తడి నేల పరిసరాలలో పని జరుగుతుండగా కూలీలకు జ్వరాలు సోకాయి. చిత్తడి నేల నుంచి వచ్చే చెడుగాలే ఆ జ్వరానికి కారణమని అప్పటివారు అనుకొన్నారు. మలేరియా దోమల వల్ల వ్యాపిస్తుందన్న సంగతికి తొలి ఆధారం అటు తరువాత చాలాకాలానికి, 1897లో, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ చేసిన పరిశోధనలో దొరికింది. మాంటెజుమా జ్వరాలను గురించి నేడు ఇంటర్నెట్‌లో వెదికితే "ఆ సంవత్సరం వెయ్యిమంది కూలీలు మరణించారు" అన్న వాక్యం అనేక చోట్ల కనిపిస్తుంది. కాని కాలువ పనిని నడిపిన కమిషనర్లు ఆనాడు శాసనసభకు సమర్పించిన నివేదికలో ఉన్న మాట వేరు. జూలై మధ్య నుంచి అక్టోబరు మొదటి వరకు సుమారు వెయ్యిమంది జబ్బుపడి పనిచేయలేని స్థితిలో ఉన్నారని అందులో ఉంది. అంటే 'జబ్బుపడినవారు' అన్న మాట చేతులు మారుతూ మారుతూ 'మరణించినవారు'గా మారిందన్నమాట. సంఖ్య మారలేదు, అర్థం మారిపోయింది.

ఇక్కడ మనం రెండు విషయాలు గమనించాలి. ఒకే వాక్యం వంద చోట్ల కనిపించినంత మాత్రాన వందమంది సాక్షులు ఉన్నట్లు కాదు. ఒకరు రాసినదాన్ని తక్కిన తొంభైతొమ్మిది మంది చూసి రాసి ఉండవచ్చు. అప్పుడు సాక్షి ఒక్కడే. రెండవది, నివేదికను కూడా కళ్ళు మూసుకొని నమ్మకూడదు. పని నడిపించినవారు తమ పనిలో జరిగిన నష్టాన్ని తగ్గించి చెప్పే అవకాశం ఉంది. కాబట్టి జబ్బుపడినవారిలో కొందరు మరణించి ఉండవచ్చునని అనుకోవడంలో తప్పులేదు. కాని వెయ్యిమంది మరణించారని చెప్పాలంటే అందుకు వేరే ఆధారం చూపాలి.

ఇప్పుడు మన తెలుగు నేలకు వద్దాం. ఈరీ కాలువ పూర్తి అయిన కొద్ది సంవత్సరాలకే తీరాంధ్రం భయంకరమైన కరవు పాలయింది. 1832-33లో వచ్చిన ఆ కరవును గుంటూరు కరవని, నందన నామ సంవత్సరంలో వచ్చింది కనుక నందన కరవని పిలుస్తారు. లక్షకు పైగా ప్రజలు మరణించారు. 1839లో తుపాను వచ్చి కోరంగి తీరాన్ని ముంచివేసింది. ఒకవైపు గోదావరి నీరంతా సముద్రంలో కలిసిపోతుండగా ఇంకొకవైపు పొలాలు ఎండిపోయేవి. ఈ దుస్థితిని చూసిన ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆనకట్ట కట్టాలని ప్రభుత్వాన్ని ఒప్పించాడు. 1847లో పని మొదలై 1852 నాటికి పూర్తి అయింది. నది మధ్యనున్న లంకలను ఆధారం చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఈ ఆనకట్టను నిర్మించారు. దాని నుంచి తవ్విన కాలువలు పొలాలను తడపడమే గాక పడవలకు దారులు కూడా అయ్యాయి. వీణం వీరన్న అనే తెలుగు ఉద్యోగి ఈ పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు. ఆయనకు ప్రభుత్వం రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. రాళ్ళు మోసి, మట్టి తవ్వి, నదిలో నిలబడి పనిచేసిన వేలాది స్త్రీ పురుషుల పేర్లు మాత్రం మనకు దొరకవు. "కాటన్ దొర గోదావరికి ఆనకట్ట కట్టాడు" అని ఒక్క వాక్యంలో చెప్పినప్పుడు వీరన్న, ఆ కూలీలు అందరూ కనబడకుండా పోతారు. చెప్పినది అబద్ధం కాకపోయినా, చెప్పకుండా విడిచినది కూడా ఉంటుందని పాఠకుడు గుర్తుంచుకోవాలి.

గోదావరి ఆనకట్టను గురించి మనకు ఎలా తెలిసింది? కాటన్ తానే ప్రభుత్వానికి రాసిన నివేదికలు ఉన్నాయి. హెన్రీ మోరిస్ అనే అధికారి 1878లో గోదావరి జిల్లా చరిత్రను ప్రచురించాడు. జార్జ్ వాల్ష్ అనే ఇంజనీరు 1896లో గోదావరి డెల్టా నిర్మాణాలను గురించి గ్రంథం రాశాడు. 1900లో కాటన్ కుమార్తె ఎలిజబెత్ తన తండ్రి జీవిత చరిత్రను వెలువరించింది. అడ్మిరల్ జేమ్స్ హోప్‌ను వివాహమాడినందువల్ల ఆమెను లేడీ హోప్ అంటారు.

వీరిలో ఎవరి మాటను ఏ విషయంలో నమ్మాలి? లేడీ హోప్ కాటన్‌కు సొంత కుమార్తె. ఆయన అలవాట్లు, ఉత్తరాలు, ఇంట్లో చెప్పుకొన్న మాటలు ఆమెకు తెలిసినంతగా మరొకరికి తెలియవు. అయితే ఆమె 1842లో పుట్టింది. ఆనకట్ట పని మొదలైనప్పుడు ఆమె వయస్సు సుమారు ఐదేళ్ళు. కాబట్టి ఆనకట్ట నిర్మాణాన్ని గురించిన వివరాలకు ఆమె ప్రత్యక్ష సాక్షి అనుకోలేము. పైగా కూతురు తండ్రిని మెచ్చుకోవడం సహజం. నిర్మాణపు కొలతలకు వాల్ష్ గ్రంథాన్ని, ఇంటి సంగతులకు ఆమె గ్రంథాన్ని చూడడం మంచిది. ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్క బలం ఉంటుంది.

ఈ లేడీ హోప్ పేరు మరొక సందర్భంలో ప్రపంచమంతటా వినిపించింది. జీవపరిణామ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన చార్లెస్ డార్విన్ 1882లో మరణించాడు. ఆయన చివరి రోజులలో తాను ఆయనను చూడబోయానని, తన సిద్ధాంతాన్ని గురించి ఆయన బాధపడ్డాడని లేడీ హోప్ చెప్పినట్లుగా 1915లో అమెరికాలోని ఒక పత్రిక ప్రచురించింది. అంటే ఆ సంగతి జరిగిందన్న కాలానికి ముప్పై ఏళ్ళకు పైగా గడిచిన తరువాత! డార్విన్ కుమార్తె హెన్రియెట్టా 1922లో దీనిని ఖండించింది. తండ్రి మరణశయ్య దగ్గర తానున్నానని, లేడీ హోప్ ఆయన జబ్బుగా ఉన్నప్పుడు రానే లేదని, ఆయన తన సిద్ధాంతాన్ని ఎన్నడూ విడిచిపెట్టలేదని రాసింది. అయినా ఆ కథ ఆగలేదు. చిలవలు పలవలుగా పెరిగి నేటికీ ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉంది. ఒకే మనిషి చెప్పిన రెండు సంగతులలో తండ్రి ఇంటి విషయం నమ్మదగినది, డార్విన్ విషయం నమ్మదగనిది కావడం వింత కాదు. మనిషిని చూసి మాటను నమ్మడం, మనిషిని చూసి మాటను తోసిపుచ్చడం రెండూ పొరపాటే. ప్రతి మాటనూ విడివిడిగా పరీక్షించాలి.

ఒక్కొక్కసారి రెండు చోట్ల రెండు విధాలుగా రాసి ఉన్నా రెండూ నిజమే కావచ్చు. ఉదాహరణకు బకింగ్‌హాం కాలువను తీసుకొందాం. ఇది పెదగంజాం నుంచి నెల్లూరు తీరం, పులికాట్ సరస్సు, చెన్నై నగరాల మీదుగా తమిళనాడులోని మరక్కాణం వరకు సముద్ర తీరం వెంట సుమారు 420 కిలోమీటర్లు సాగుతుంది. "ఈ కాలువను 1806లో తవ్వారు" అని ఒక చోట ఉంటుంది. "1877-78లో తవ్వారు" అని మరొక చోట ఉంటుంది. ఏది తప్పు? విచారిస్తే తెలిసేదేమిటంటే, 1806లో బాసిల్ కోక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వరకు మొదటి భాగాన్ని తవ్వించాడు. తరువాత దానిని దశలవారీగా పొడిగించారు. 1876-78 నాటి ఘోరమైన కరవులో కూలీలకు పని కల్పించడానికి మద్రాసు నగరంలోని భాగాన్ని తవ్వించి రెండు ముక్కలను కలిపారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారు. మొదటి సంవత్సరం ఆరంభాన్ని చెబుతుంది. రెండవది కలిపిన కాలాన్ని, పేరు వచ్చిన కాలాన్ని చెబుతుంది. కాబట్టి రెండు మాటలు కలవకపోతే వెంటనే ఒకదానిని అబద్ధమనకుండా, రెండూ ఒకే ప్రశ్నకు జవాబులేనా అని చూడాలి.

గొప్పవారి మాటను కూడా ఫలితంతో పోల్చి చూడాలి. రైలుదారుల కంటే కాలువలే మన దేశానికి మేలని కాటన్ గట్టిగా వాదించాడు. గోదావరి డెల్టాలో ఆయన మాట అక్షరాలా నిజమయింది. కాని అదే నమ్మకంతో 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, తుంగభద్ర మీద సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువను తవ్వినప్పుడు కథ వేరుగా జరిగింది. ఖర్చు అంచనాను మించిపోయింది. ఆ సీమలోని నల్లరేగడి నేలలలో మెట్టపైర్లకు అలవాటుపడిన రైతులు నీటి పన్ను కట్టి కాలువ నీరు తీసుకోవడానికి అంతగా ముందుకు రాలేదు. పడవల రాకపోకలూ పెరగలేదు. చివరికి 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనవలసి వచ్చింది. తరువాతి కాలంలో అదే కాలువ ఎన్నో వేల ఎకరాలకు ప్రాణాధారమయింది. అంటే ఒక చోట నిజమైనది ఇంకొక చోట నిజం కాకపోవచ్చు. ఒక కాలంలో విఫలమైనది ఇంకొక కాలంలో ఫలించవచ్చు.

ఇదంతా పాత సంగతే గదా, మనకెందుకు అని మీరనుకోవచ్చు. ఇప్పుడు బెంగళూరులోని కుందలహళ్ళికి వద్దాం. తెలుగువారు ఎందరో స్థిరపడిన ప్రాంతం ఇది. ఎత్తయిన పీఠభూమి మీద ఉన్న బెంగళూరు ఒడ్డున పెద్ద నది ఏదీ ప్రవహించదు. అందుచేత పూర్వులు వానచుక్కను వదలకుండా చెరువులను గొలుసుకట్టుగా నిర్మించారు. పై చెరువు నిండితే అలుగు మీదుగా పొర్లిన నీరు కాలువ ద్వారా కింది చెరువుకు చేరుతుంది. రాయలసీమలో మరవ అని, కన్నడంలో కోడి అని పిలిచేది ఈ అలుగునే. చెరువులను కలిపే పెద్ద కాలువను కన్నడంలో రాజకాలువె అంటారు. మన 'కాలువ', వారి 'కాలువె' ఒకే మాటకు రెండు రూపాలు. కుందలహళ్ళిలోనూ చెరువు ఉంది. నగరపు తూర్పు భాగంలోని నీరు బెళ్ళందూరు, వర్తూరు వంటి చెరువుల మీదుగా దక్షిణ పినాకిని వైపు పోతుంది.

నగరం పెరిగేకొద్దీ ఈ కాలువలలో చాలా భాగం పూడిపోయింది. కొన్ని చోట్ల ఇళ్ళు, కార్యాలయాలు లేచాయి. 2022 సెప్టెంబరు మొదటి వారంలో కురిసిన భారీ వర్షాలకు తూర్పు బెంగళూరులోని అనేక కాలనీలు నీట మునిగాయి. ప్రజలను పడవల మీద, ట్రాక్టర్ల మీద బయటకు చేర్చవలసి వచ్చింది. తరువాత అధికారులు పాత గ్రామ పటాలను తీసి, రాజకాలువలు ఎక్కడెక్కడ ఉండేవో గుర్తించే పని చేపట్టారు. ఒక పాత పటం నిజమా కాదా అన్న ప్రశ్న మీద ఎందరో ఇళ్ళు, ఎందరో క్షేమం ఆధారపడ్డాయి.

ఒక స్థలాన్ని గురించి వివాదం వచ్చిందనుకొందాం. స్థలం అమ్మేవారు "ఇక్కడ కాలువ ఎప్పుడూ లేదు" అంటారు. ఊరిలోని ఒక తాతగారు "నా చిన్నప్పుడు ఇక్కడే ఈత కొట్టేవాళ్ళం" అంటారు. ఫోనులో ఎవరో పంపిన బొమ్మ ఒకటి అందరి చేతుల్లో తిరుగుతుంది. ఎవరి మాట నమ్మాలి? అమ్మేవారికి ఆ మాట వల్ల లాభముంది. కనుక జాగ్రత్త పడాలి. తాతగారికి లాభం లేదు. కాని అరవై ఏళ్ళనాటి జ్ఞాపకంలో చోటు కొంత అటూ ఇటూ కావచ్చు. బొమ్మ మీద తేదీ లేదు, తీసినవారెవరో తెలియదు. అది ఈ స్థలానిదేనన్న ఆధారమూ లేదు. పాత గ్రామ పటం ఈ తగవు పుట్టకముందే గీసినది. గీసినవారికి నేటి తగవుతో సంబంధం లేదు. కనుక దానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. పటమూ తాతగారి మాటా కలిస్తే నమ్మకం ఇంకా బలపడుతుంది. ఆ పైన వర్షం వచ్చినప్పుడు వెళ్ళి చూస్తే నీరు ఏ దారిన పోతున్నదో కళ్ళకు కనిపిస్తుంది. నీరు పల్లమెరుగు కదా! కాగితం మీద కాలువను చెరిపివేసినా నీరు తన దారిని మరచిపోదు.

పుస్తకంలో చదివినా, ఇంటర్నెట్‌లో చూసినా, ఎవరినోట విన్నా మనం వేసుకోవలసిన ప్రశ్నలు ఇవి: ఈ మాట చెప్పినదెవరు? వారికి ఎలా తెలిసింది? జరిగిన ఎంతకాలానికి చెప్పారు? చెప్పడం వల్ల వారికి లాభమేమైనా ఉందా? వారిని చూసి రాయని మరొకరు కూడా అదే మాట చెప్పారా? చివరిగా, మనం స్వయంగా పరీక్షించి చూడగలమా? ఈ ప్రశ్నలు అడగడం పెద్దలను అగౌరవపరచడం కాదు, అందరినీ అనుమానించడమూ కాదు. తప్పుడు మాటను నమ్మి మనం మోసపోకుండా, దానిని పదిమందికి పంచి వారిని మోసపుచ్చకుండా కాపాడేవి ఈ ప్రశ్నలే. గట్టు లేని కాలువ ఊరిని ముంచుతుంది. విచారణ లేని వార్త కూడా అంతే.

అభ్యాసం

కొత్త పదాలు
ఆనకట్ట = నదికి అడ్డంగా కట్టిన కట్టడం
తూము = చెరువు నుంచి నీరు వదిలే మార్గం
అలుగు = చెరువు నిండినప్పుడు నీరు పొర్లిపోయే చోటు
లంక = నది మధ్యనున్న దిబ్బ
మెట్టపైరు = వర్షాధారంగా పండే పంట
ప్రత్యక్ష సాక్షి = కళ్ళారా చూసినవాడు

కింది ప్రశ్నలకు జవాబులు రాయండి
1. లాకు ద్వారా పడవ ఎత్తుకు ఎలా చేరుతుంది?
2. మాంటెజుమా కూలీలను గురించిన మాట ఏ విధంగా మారింది? కమిషనర్ల నివేదికను కూడా ఎందుకు పరీక్షించాలి?
3. లేడీ హోప్ చెప్పిన రెండు సంగతులలో ఏది ఎక్కువ నమ్మదగినది? ఎందువల్ల?
4. బకింగ్‌హాం కాలువను గురించి కనిపించే రెండు సంవత్సరాలూ సరైనవే. ఎలా?
5. "గట్టు లేని కాలువ ఊరిని ముంచుతుంది. విచారణ లేని వార్త కూడా అంతే." ఈ మాటలను సొంత ఉదాహరణతో వివరించండి.

వ్యాకరణం
పల్లమెరుగు = పల్లము + ఎరుగు (ఉత్వసంధి). పాఠంలో ఇటువంటి సంధి జరిగిన మరి రెండు పదాలను గుర్తించి విడదీయండి.

చేయవలసిన పని
మీ ఊరిలోని చెరువునో, కాలువనో గురించి ఇద్దరు పెద్దలను వేరువేరుగా అడగండి. వారు చెప్పినవాటిలో కలిసిన సంగతులను, కలవని సంగతులను రెండు వరుసలలో రాసి తరగతిలో చదివి వినిపించండి.